ఉప్పు మూటలో ఆకాశపు రాయి

నా చిన్నప్పుడు మా హోసూరు బజారులో ఉప్పు మూటకు కాపలా ఉండేది కాదు. పొద్దుగూకాక అంగళ్ళన్నీ తలుపు చెక్కలు వేసుకున్నా, కల్లుప్పు మూట మాత్రం అరుగు మీద నోరు తెరుచుకుని అలాగే కూర్చునేది. ఉప్పు దొంగిలించినవాడి ఇల్లు ఉప్పులాగే కరిగిపోతుందని అందరికీ నమ్మకం. మా అంగడి ముందు కూడా అలాంటి మూట ఒకటి ఉండేది. నా బతుకులో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడింది ఆ మూటను చూసే. పులిని చూసి కాదు, దయ్యాన్ని చూసి కాదు, ఉప్పును చూసి. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి.

మాది అంగడి కుటుంబం. నాన్న సరుకు కోసం కృష్ణగిరికో కావేరిపట్టణానికో పోతే గల్లాపెట్టె ముందు మా అవ్వ కూర్చునేది. అవ్వ అంటే నాన్నను కన్నతల్లి. అక్షరం ముక్క రాదు కానీ, చింతపండును వాసన చూసి ఏ ఊరి చెట్టుదో చెప్పగలనని బీరాలు పోయేది. సగం సార్లు తప్పేది. తప్పినప్పుడు చెట్టుదే తప్పనేది. నేను ఆమె చేతి కింద పెరిగినదాన్ని. ఆ తొంభైలలో, ఇంకా పావడా కట్టే వయసులోనే, పెన్సిలు కొనడానికి పోయినా రబ్బరు కొసరు అడగకుండా వచ్చేదాన్ని కాదు.

మేము ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, బడిలో అరవం మాట్లాడేవాళ్ళం. ఫ్యాక్టరీలలో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం మా అంగడిలో సాయంకాలం అరవ పేపరు అమ్మేవాళ్ళం. పేపరు కట్టతోపాటు ఒక పోస్టరు వచ్చేది. ఆనాటి పెద్ద కబురు ఒకటి అందులో చెయ్యంత అక్షరాలతో ఉండేది. దాన్ని అంగడి గుంజకు గోనెదారంతో కట్టడం నా పని. ఆ పని నాకు గర్వంగా ఉండేది. ఊరికి కబురు నేనే చెబుతున్నట్టు అనిపించేది.

శివరాత్రి దాటి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక సాయంకాలం అలాగే పోస్టరు విప్పాను. ఆకాశం నుంచి పడిన రాయిలో ప్రాణి ఉందని ఎర్రటి అక్షరాలు అరుస్తున్నాయి. కింద ఒక బొమ్మ. బూడిదరంగులో, వానపాము పిల్లలాంటిది ఏదో చుట్టుకుని పడుకున్నట్టుంది. అది చూడగానే నా చేతిలోంచి దారం జారిపోయింది.

ఎందుకంటే నా దగ్గర ఒక రాయి ఉంది. కొన్నాళ్ళ క్రితం అందరం కెలవరపల్లి డ్యాముకు పోయినప్పుడు గట్టు మీద ఏరుకున్నాను. నల్లగా, దోసె పెనం మీద పొంగినట్టు చిల్లులు చిల్లులుగా, ఒక పక్క గాజులా మెరుస్తూ ఉండేది. అలాంటిది నేను ఎక్కడా చూడలేదు. నిజానికి నేను ఎరిగిన రాళ్ళన్నీ పిండి రుబ్బే రాయి, తూకం రాయి, అంతే. అయినా ఇది భూమి మీది రాయి కాదని ఆ పోస్టరు ముందు నిలబడి తేల్చేసుకున్నాను. బొమ్మలోని పురుగుకు నా రాయి చిల్లులు సరిగ్గా సరిపోతాయని కూడా నాకు నేనే కొలిచి చెప్పుకున్నాను.

అంతటితో పోయుంటే బాగుండేది. మూడేళ్ళ మా తమ్ముడికి ఆ రాయి మహా ఇష్టం. నేను చూడనప్పుడల్లా తీసి నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు. నేను ఇంట్లోకి పరుగెత్తేసరికి వాడు అమ్మ ఒళ్ళో పడుకుని ఉన్నాడు. మొహం కందిపోయింది. "ఒళ్ళు కాలిపోతా ఉండాది, పాపా. వీణ్ని కాస్త ఎత్తుకో, కషాయం పెట్టుకొస్తాను" అంది అమ్మ. వాడు నన్ను చూసి చేతులు చాపాడు. నేను గోడకు అతుక్కుపోయాను. వాడు పెదవి తెరిస్తే ఆ బూడిదరంగు పురుగు తొంగిచూస్తుందేమో అనిపించింది. చదువుకోవాలని చెప్పి బయటికి వచ్చేశాను. వెనకాల వాడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు.

ఆ రాత్రి మా ఊరి కొండ మీది దేవుడితో బేరానికి దిగాను. మొదట కర్పూరం బిళ్ళతో మొదలుపెట్టాను. బేరం అన్నాక ఎదుటివాడు ఏదో ఒకటి అనాలి కదా. దేవుడు నోరు విప్పడు. అందుకని నేనే కొబ్బరికాయకు పెంచాను, ఆ తర్వాత గుండుకు. అదీ చాలదేమోనని నా వెండి గొలుసులు కూడా పెట్టాను. అంత చేతగాని బేరం నేను మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. అమ్మకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ రాయిని ఇంటికి తెచ్చింది నేనే కదా.

తెల్లారేసరికి నాకొక ఉపాయం తోచింది. అంగడి పిల్లకు తప్ప మరొకరికి తోచని ఉపాయం. ఏడాదికి సరిపడా చింతపండు కుండకెత్తేటప్పుడు అవ్వ పొరపొరకూ ఉప్పు చల్లేది. ఉప్పు పడితే ఏ పురుగైనా చావాల్సిందే అనేది. భూమి పురుగుకు ఒక న్యాయం, ఆకాశం పురుగుకు ఒక న్యాయం ఉంటుందా? రాయిని గుడ్డతో పట్టుకుని తీసుకుపోయి, ఎవరూ చూడకుండా అరుగు మీది ఉప్పు మూటలో మోచేతి లోతున పాతేశాను. పైన చదును చేశాను. గుండె కాస్త కుదుటపడింది.

అవ్వ అంగడి తీసి మొదటి గిరాకీకి పడి నిండా ఉప్పు కొలిచి పోసేవరకే ఆ కుదురు. ఉప్పు అమ్ముడుపోతుందన్న సంగతి అంగడి పిల్లనైన నాకు తట్టలేదు! ఆ ఉప్పు గిన్నెలలో పడుతుంది, పప్పులో పడుతుంది, మజ్జిగలో పడుతుంది. పురుగు చావకుండా ముక్కలైతే? ముక్కకొక పురుగైతే? వీధి వీధంతా మా తమ్ముడిలా కందిపోయిన మొహాలతో పడుకున్నట్టు కళ్ళకు కట్టింది. రాయిని తీసేద్దామని చెయ్యి పెట్టబోయాను. వేళ్ళు మునిగేసరికి ఉప్పు కదిలినట్టయింది. గబుక్కున లాక్కున్నాను. ఇక దారిలేక మూట మీద ఒక చెక్క వేసి, ఆ చెక్క మీద నేను కూర్చున్నాను.

కాసేపటికి పక్కవీధి అక్క ఒకామె గిన్నెతో వచ్చింది.

"పాపా, ఒక పడి ఉప్పు పెట్టమ్మా."

"ఉప్పు లేదక్కా."

"అట్లయితే నువ్వు దేని మీద కూచోనుండావే?"

"ఇది మంచిది కాదక్కా. ఎదురంగడిలో తీసుకో, ఆడ తెల్లగా ఉంటాది."

లోపల తక్కెడ చప్పుడు ఆగిపోయింది. ఎదురంగడికి పొమ్మనే మాట మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ అంతకుముందు అని ఉండరు. అవ్వ లేచి వచ్చి నా మొహం చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి, గిరాకీని మాత్రం "తర్వాత రామ్మా, పాపకు ఒళ్ళు బాగలేదు" అని పంపించింది. నన్ను లోపలికి తీసుకుపోయి బెల్లం దిమ్మెల పక్కన కూర్చోబెట్టింది.

"ఏమైందే? దయ్యం పట్టినదాని మాదిరి ఉండావు."

ఏడుస్తూ అంతా చెప్పేశాను. రాయి, పోస్టరు, పురుగు, తమ్ముడు, ఉప్పు. అవ్వ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చీరకొంగు నడుముకు చెక్కుకుని బయటికి పోయి, చెక్క తీసి, మోచేతి దాకా ఉప్పులో చెయ్యి పెట్టింది. నేను కళ్ళు మూసుకుని కేక పెట్టాను. తెరిచేసరికి రాయి తక్కెడ పక్కన ఉంది. అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, "ఇది ఏమి రాయో నాకు తెలీదు" అంది. తెలియదని అవ్వ చెప్పగా విన్నది నాకు అదే మొదటిసారి.

తర్వాత నిన్న అమ్ముడుపోక మిగిలిన పేపరు ఒకటి తీసి నా ముందు వేసింది. పోస్టరు కట్టడమే తప్ప లోపల ఏముందో నేను ఎన్నడూ చదివినదాన్ని కాదు. వెతికితే లోపలి పేజీలో, ఒక సబ్బు ప్రకటన కింద, అరచేయంత వార్త ఉంది. అరవంలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివాను. ఎక్కడో మంచు ప్రాంతంలో దొరికిన రాయి అట. వేరే గ్రహం నుంచి వచ్చి పడి ఉండవచ్చునట. అందులో కంటికి కనిపించనంత చిన్న గుర్తులు ఉన్నాయట. ఎంతో కాలం కింద బతికిన సూక్ష్మజీవులు వదిలినవి కావచ్చునట. మామూలు వేడి వల్ల, నీటి వల్ల ఏర్పడినవి కూడా కావచ్చని మరికొందరు అంటున్నారట. "కావచ్చు" అని వచ్చినప్పుడల్లా అవ్వ ఒక చింతగింజ తీసి పళ్ళెంలో వేసింది. చదవడం అయ్యేసరికి పళ్ళెంలో చిన్న కుప్ప తేలింది.

"చూడు. రాయిని చూసినోళ్ళు నాణ్యమైనోళ్ళే. కావచ్చు, కావచ్చు అని వాళ్ళు భయపడి భయపడి చెప్పినారు. మరి గింజలన్నీ ఏరేసి ఉత్త గుజ్జు అని అరిచింది ఎవరు?"

"పోస్టరోళ్ళు."

"కావచ్చు సరుకుకు కావచ్చు ధరే ఇయ్యాల. నువ్వు పూర్తి ధర ఇచ్చేసి వచ్చినావు. బేరగత్తెవని పేరు మళ్ళీ!"

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. కానీ రోషం వేరు, భయం వేరు. ఎర్రటి అక్షరాలు కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ సాయంకాలం కూడా తమ్ముడి దగ్గరికి పోలేదు. డాక్టరు ఇచ్చిన మందు తాగనని వాడు మారాం చేస్తున్నాడు. అక్క పోస్తేనే తాగుతానంటున్నాడు. నేను గడప దాటలేదు. అవ్వ అది చూసింది. 

మరునాడు బడి లేదు. మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉండగా అవ్వ నన్ను అంగడి వెనకనున్న రేకుల షెడ్డులోకి పిలిచింది. ఒక మూలన కంబళి కప్పిన మూట ఉంది. ముందురోజు అది అక్కడ లేదు. చెవి పెట్టి వినమంది. విన్నాను. ఏమీ లేదు. లేవబోతుంటే లోపల "టప్" మంది. చటుక్కున చెవి తీసేశాను, మళ్ళీ పెట్టాను.  మళ్ళీ టప్, టప్. ఆ వెంటనే ఏదో గరగరమని జారిన చప్పుడు.

"ఏముందవ్వా లోపల?"

"నువ్వు ఏమి విన్నావో అంతే రాసిపెట్టు. పోస్టరు వేద్దాము మనమూ."

ఆకాశపు రాయి పోస్టరునే తిరగేసి, వెనక తెల్లటి పక్కన బొగ్గుతో నా చేత రాయించింది. మా అంగడి మూటలో సద్దు, ప్రాణియా? అంతే. చివర ప్రశ్న గుర్తు మరిచిపోవద్దని గట్టిగా చెప్పింది. అక్షరాలు రాని మనిషికి ఆ గుర్తు విలువ ఎలా తెలుసో! మూటను షెడ్డు గడప దాకా ఈడ్చి, జనం నిలబడి వినేట్టు ఉంచింది.

మొదట సోడా తాగడానికి వచ్చిన ఇద్దరు ఆగారు. ఇద్దరు ఆగితే మా బజారులో ఇరవైమంది ఆగినట్టే. టప్ మన్నప్పుడల్లా జనం ఒకడుగు వెనక్కి వేసి, రెండడుగులు ముందుకు వస్తున్నారు.

"పామేనప్పా. నాగుపాము తోక కొట్టుకుంటే ఇట్లే ఉంటాది."

"పాముకు తోకతో ఏమి పనప్పా? ఉడుము ఇది, ఉడుము!"

"అంత పెద్దదయితే మూట కదలాల కదా?"

"కదిలింది! నేను చూసినాను!"

ఒక ఆటో డ్రైవరు అయితే కంబళి సందులో రెండు కండ్లు మెరిసినాయని తల్లి మీద ఒట్టేసి చెప్పాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, మొన్న పేపరులో వేసినారే, ఆకాశం నుంచి వచ్చిందని, అదేనేమో అన్నాడు. నేను గుంజకు కట్టిన కబురు ఊరు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

సద్దు అన్న ఒక్క మాట తప్ప మరేమీ రాయలేదని నాకు తెలుసు. రాసిన చేతికి బొగ్గు మసి ఇంకా అంటే ఉంది. అయినా ఆ రెండు కళ్ళ మాట విన్నాక అవ్వ వెనక్కి జరిగాను. ఉడుము, పాము, ఆకాశం పురుగు, అన్నీ ఆ కంబళి కింద ఒకదాని మీద ఒకటి పాకుతున్నట్టు అనిపించింది. అంత భయంలోనూ వేయించిన బఠాణీల డబ్బా సగానికి దిగిపోవడం మాత్రం గమనించాను. మా రక్తం అలాంటిది.

ఇంతలో చంటిబిడ్డను చంకనేసుకున్న ఒకామె మంచినూనె కోసం వచ్చి, జనం మాటలు విని, బిడ్డ తలమీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది. అవ్వ పిలిచినా ఆగలేదు. అవ్వ మొహంలో అప్పటిదాకా ఉన్న హుషారు చప్పున చల్లారింది. లేచిపోయి పోస్టరు చించేసింది.

"చాలు. పాపా, రా. ముడి విప్పు."

"నేను విప్పను."

"నువ్వే విప్పాల. ఇప్పుడు విప్పకుంటే ఆయప్ప చూసిన కండ్లు రెండూ నీ తలకాయలోనే కాపురం ఉంటాయి."

జనం గొంతులు తగ్గాయి. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోంచి తమ్ముడి ఏడుపు వినిపించింది. అక్కా అని. రెండు రోజులుగా పిలుస్తూనే ఉన్నాడు, గొంతు జీరపోయింది. నేను మూట దగ్గరికి నడిచాను. నడిచాను అనడం గొప్పకు. ఒక కాలు పోతే ఇంకో కాలు రానంది. కంబళి లాగాను. మూట మూతికి గోనెదారం బిగించి ఉంది. వేళ్ళు వణుకుతుంటే ముడి ఎటుపోతోందో తెలియలేదు. గోళ్ళతో గీకాను. ముడి వదులైంది. అదే క్షణాన లోపల టప్ మని, ఏదో వచ్చి నా చెంపకు తగిలింది. కెవ్వుమన్నాను. జనమంతా కెవ్వుమన్నారు. ఆటో డ్రైవరు వీధిలోకి గెంతాడు.

నేలమీద పడింది ఒక ఆముదం గింజ.

మూట నిండా ఎండిన ఆముదం కాయలు. వేడి తగిలితే కాయ తనంతట తానే పగిలి గింజను ఎగజిమ్ముతుంది. రేకుల కింద కాగి కాగి ఒక్కొక్కటే పేలుతున్నాయి. కళ్ళం ఎరిగిన పల్లెవాళ్ళెవరైనా వచ్చి ఉంటే మొదటి చప్పుడుకే చెప్పేసేవాళ్ళు. మా బజారువాళ్ళకు ఆముదమంటే సీసాలోదే. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆటో డ్రైవరు తిరిగివచ్చి, "నేను అప్పుడే చెప్పినాను కదా, ఆముదాలని!" అన్నాడు.

జనం పోయాక అవ్వ నా చెంప తుడుస్తూ అడిగింది. "సద్దు అబద్ధమా?"

"కాదు."

"ప్రాణిని ఎవరు పెట్టినారు మూటలో?"

"మేమే."

నాకు ఇంకొకటి అడగాలని ఉంది. అడగడానికీ భయంగానే ఉంది. "మరి ఆ ఆకాశం రాయిలో, అవ్వా? నిజంగా ఏమీ లేదా?"

అవ్వ వెంటనే లేదని ఉంటే నేను నమ్మి ఉండేదాన్ని కాదేమో. రాలిన ఆముదం గింజను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "అది నాకేమి తెలుసే. ఉండొచ్చు, లేకపోవచ్చు. దాని ముడి విప్పేవాళ్ళు యాడో కూచోని విప్పతానే ఉంటారు. విప్పనీ. అంతదాకా నీ తమ్ముడు నీ తమ్ముడే కదమ్మా."

లేచి ఇంట్లోకి పోయాను. భయం పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. గడప దగ్గర ఇంకోసారి ఆగాను. వాడు నన్ను చూసి ఏడుపు ఆపి, మళ్ళీ వెళ్ళిపోతానేమోనని అనుమానంగా చూశాడు. ఆ చూపు తట్టుకోలేకపోయాను. ఒళ్ళోకి తీసుకున్నాను. వాడి నుదురు నా మెడకు ఆనింది, ఇటుక బట్టీలా కాలుతోంది. మందు నేనే పోశాను. గుటుక్కున మింగి, నా భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయాడు. వాడి నోట్లో పాలపళ్ళు తప్ప మరేమీ కనిపించలేదు. ఒకటికి రెండుసార్లు చూశాను మరి. ఆ వారం మా వీధి పిల్లలు చాలామందికి అదే గొంతునొప్పి, అదే జ్వరం. వాళ్ళెవరికీ రాయి లేదు. వాడి జ్వరం వచ్చినట్టే పోయింది. నా మొక్కుల్లో కర్పూరం ఒక్కటే తీర్చాను. మిగతావి దేవుడు అడగలేదు, నేను గుర్తుచేయలేదు.

ఆ చంటిబిడ్డ తల్లి ఇంటికి అవ్వ తానే నూనె సీసా పట్టుకుని పోయిందని తర్వాత అమ్మ చెప్పింది. భయంతో గిరాకీ లాగడం ఆ రోజుతో సరి. ఇంకెప్పుడూ చేయలేదు.

ఇప్పుడు ఆ అంగడి నాది. అవ్వ లేదు. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా బేరంలో ఒక్క రూపాయి వదలను. ఆ రాయి నా గల్లాపెట్టె పక్కనే ఉంది, బిల్లులు ఎగిరిపోకుండా బరువు పెడుతుంటాను. అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా అడిగితే ఆకాశం నుంచి పడిందేమో అంటాను. ఏమో అనడానికి పన్ను లేదు.

తమ్ముడి పిల్లలు అప్పుడప్పుడూ ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తారు. అత్తా, ఎక్కడో దూరపు గ్రహం మీద ప్రాణి జాడ దొరికిందంట, అత్తా, ఆకాశం నుంచి ఏదో పిలుపు వచ్చిందంట అని. ఎర్రటి అక్షరాలు ఇప్పుడు ఫోనులో ఉన్నాయి, అంతే తేడా. వాళ్ళ చేత లోపలి వార్త చదివిస్తాను. కావచ్చులను లెక్కపెట్టమంటాను. సద్దు విన్నదెవరో, మూట విప్పిందెవరో అడుగుతాను. ఏదో ఒకరోజు ఆ మూటలో నిజంగానే ప్రాణి ఉండొచ్చు. ఆ రోజు నేను బతికుండాలని నాకూ ఆశే.

కానీ ప్రతిసారీ మొదట మాత్రం గుండె జల్లుమంటుంది. పక్కన ఏ పిల్ల ఉంటే ఆ పిల్లను దగ్గరికి లాక్కుంటాను. వేళ్ళు కాసేపు వణుకుతాయి, ఆ తర్వాత ముడి కోసం వెతుకుతాయి.